అన్నం ముట్టని బిడ్డ పక్కన ఎలా కూర్చోవాలి

మా కోనసీమలో భోజనానికి కూర్చున్న మనిషిని ఒక్క వడ్డనతో లేవనివ్వరు. "చాలండీ" అంటే మాకు "ఇంకో గరిటె వేయండి" అని వినపడుతుంది. సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు పేర్చే వంటకాల లెక్క పత్రికలకు ఎక్కుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా ఈ నేల కూడా కరువులు చూసిందే. అందుకేనేమో, కొసరి కొసరి వడ్డించడం కంటే పెద్ద ఆప్యాయత మాకు తెలియదు.

అలాంటి ఇంట్లో పదహారేళ్ల పిల్ల అన్నాన్ని కంచం అంచులకు జరిపి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని లేచిపోతే అది ఎవరికీ జబ్బుగా కనపడదు, తలబిరుసుగా కనపడుతుంది. నా కూతురి విషయంలో నేను ఎనిమిది నెలలు అలాగే పొరబడ్డాను. బతిమాలాను, తిట్టాను, నా మీద ఒట్టు వేయించుకున్నాను, చివరికి నేను కూడా పస్తున్నాను. ఒక్కటీ పనిచేయలేదు. పనిచేసినవి ఏమిటో, వాటిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను, తల్లిని. నేను రాసినదానికీ మీ డాక్టరు చెప్పినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి. మా అమ్మాయి ఇదంతా చదివి సరేనన్నాకే మీ ముందు పెడుతున్నాను.

ముందు దాన్ని జబ్బుగా గుర్తించండి

ఆకలి లేకపోవడం వేరు, ఆకలి వేస్తున్నా తినలేకపోవడం వేరు. రెండోదాన్ని అనొరెక్సియా అంటారు. ఒళ్లు పెరుగుతుందన్న భయం ఎంత లోతుగా పాతుకుపోతుందంటే, ఎముకలు తేలినా అద్దంలో ఇంకా లావుగానే కనపడుతుంది. బులీమియా అనే ఇంకో రకంలో, అదుపు తప్పి ఒక్కసారిగా చాలా తినేసి, ఆ అపరాధ భావంతో వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలు మింగడమో, మర్నాడంతా పస్తుండటమో చేస్తారు. వీళ్లు చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు కాబట్టి ఇంట్లోవాళ్లకు ఏళ్ల తరబడి అనుమానమే రాదు. "ఈ ఫోన్లు వచ్చాకే ఇవన్నీ" అని మా బంధువులు తేల్చేశారు. కానీ విలియం గల్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బును వర్ణించి అనొరెక్సియా అని పేరు పెట్టింది 1873లో. ఫోన్లు ఆజ్యం పోస్తాయి, నిజమే. కానీ ఫోన్ లాగేసుకున్నంత మాత్రాన జబ్బు పోదు. ఇది మగపిల్లలకూ వస్తుంది, పెళ్లయి పిల్లలున్నవాళ్లకూ వస్తుంది. మానసిక వ్యాధుల్లో ప్రాణం తీసేవాటిలో అనొరెక్సియా ముందు వరుసలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి మాకు ముందే తెలిసి ఉంటే ఎనిమిది నెలలు కాదు, ఎనిమిది రోజులు కూడా ఆగేవాళ్లం కాదు.

మా ఇంట్లో కనపడిన గుర్తులు చెబుతాను. మే నెల ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కా. తాను తినకుండా ఇంట్లో అందరికీ వండి పెట్టాలన్న తపన, కూర్చుంటే వంటల వీడియోలు. అన్నం తినగానే స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పడం. కాలువ గట్టు మీద పొద్దునా సాయంత్రం నడక, వాన పడుతున్నా ఆగని నడక. నెలసరి ఆగిపోయింది. జుట్టు రాలింది, చేతుల మీద మాత్రం సన్నని నూగు మొలిచింది. ఎప్పుడూ చలి అనేది. ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఒక కాగితం మీద వరుసగా రాసి చూడండి. నేను రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో గుర్తు మన ప్రాంతంలో సులువుగా కంటపడదు, ఎందుకంటే అది భక్తి వేషంలో వస్తుంది. మా అమ్మాయి కార్తీక సోమవారం ఉపవాసంతో మొదలుపెట్టింది. ఆ తర్వాత శనివారాలు, ఆ తర్వాత ఏకాదశులు. మా అత్తగారు మురిసిపోయారు, వీధిలో అందరికీ చెప్పుకున్నారు. కార్తీకం వెళ్లిపోయినా ఉపవాసాలు వెళ్లలేదు. మీ ఇంట్లో అట్లతద్దో, రంజానో, శ్రమల దినాలో ఏదైనా కావచ్చు. పండగ అయిపోయాక కూడా పస్తు కొనసాగుతోందంటే, పారణ వేళ దాటినా చెయ్యి కంచంలోకి పోవడం లేదంటే, అక్కడ దేవుడి ప్రస్తావన ముగిసిందని తెలుసుకోండి. చిన్నపిల్లలకూ, ముసలివాళ్లకూ, రోగులకూ ఉపవాసం పట్టింపు లేదని మన పెద్దలే చెబుతారు. మీ పురోహితుడినో, పాస్టర్‌నో, ఇమామ్‌నో ముందుగా కలిసి విషయం చెప్పి, ఆ మాట బిడ్డతో వారి నోటితోనే చెప్పించండి. మాకు అది పనికొచ్చింది. ఉపవాసం బదులు రోజూ సాయంత్రం కాలువలో దీపం వదిలే పని అమ్మాయికి అప్పగించాం.

ఆ రోజే చేయాల్సింది: ఒంటి పరీక్ష

మనసు సంగతి తర్వాత. ముందు గుండె. బిడ్డను ఐదు నిమిషాలు పడుకోబెట్టి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. మెలకువగా ఉండగా 50 కంటే తక్కువ వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం, గొంతుక్కూర్చుని చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, గుండె దడ, ఛాతీ నొప్పి, వాంతిలో రక్తం, పాదాల వాపు, మాట తడబడటం, ఒక రోజంతా అన్నమూ నీళ్లూ రెండూ ముట్టకపోవడం, చనిపోవాలని ఉందనడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. గోదావరి లంకల్లో ఉండేవాళ్లు పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, దొరికే వేళలు ముందే చూసి పెట్టుకోండి.

ఆసుపత్రిలో "నీరసంగా ఉంది" అని చెప్పి ఊరుకుంటే ఒక టానిక్ రాసి పంపిస్తారు. ఇన్ని నెలలుగా ఇంత తక్కువ తింటోంది, ఇంత బరువు తగ్గింది, వాంతి చేసుకుంటోందని అనుమానం ఉంది అని సూటిగా చెప్పండి. ఈసీజీ, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, రక్తంలో చక్కెర, సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ఈ జబ్బులో ఒంట్లో సగం సత్తువ పోయాక కూడా రక్త పరీక్షలు బాగానే వస్తుంటాయి. "రిపోర్టులు నార్మల్" అన్న మాట విని మేము హాయిగా ఇంటికి వచ్చేశాం. ఆ హాయికి మూడు నెలలు పోయాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పిల్ల చిక్కిపోతే మన ఊళ్లలో ముందు చేసే పని ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్ ఎక్కించడం. మేమూ రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కించాం. ఏమీ కాలేదు, అది మా అదృష్టం. తర్వాత ఒక పెద్ద డాక్టరు గారు అరటి తోట పోలికతో చెప్పారు. చాలాకాలం నీళ్లు లేక ఎండిన మొక్కకు ఒక్కసారిగా ఎరువు కుమ్మరిస్తే మాడిపోతుంది కదా, అలాగే. ఎక్కువ కాలం పస్తున్న శరీరంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం, బీ1 విటమిన్ అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా చక్కెర లోపలికి వెళితే ఇన్సులిన్ పొంగి, మిగిలిన ఆ కాస్త ఖనిజాలనూ రక్తంలోంచి కణాల్లోకి లాగేస్తుంది. అప్పుడు గుండె లయ తప్పవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకలితో మాడి విడుదలైన ఖైదీలు అన్నం దొరికాక కూడా చనిపోవడం చూసి వైద్యులు దీన్ని అర్థం చేసుకున్నారట. కాబట్టి బాగా చిక్కిపోయిన మనిషికి ఇంట్లో సెలైన్ వద్దు, ఒకే రోజు కడుపు నిండా కుక్కడమూ వద్దు. మొదటి ఒకటి రెండు వారాల ఆహారం డాక్టరు చెప్పిన కొలతలో, మధ్య మధ్య రక్త పరీక్షలతో సాగాలి. అవసరమైతే ఆసుపత్రిలోనే ఉంచాలి.

ఆకలి పుట్టించే మందు అడగకండి. ఆకలి ఉంది. దాన్ని నొక్కిపెడుతున్న భయానికి వైద్యం కావాలి.

ఎవరిని కలవాలి

ముగ్గురు కావాలి: ఒంటిని చూసే ఫిజీషియన్ లేదా పిల్లల డాక్టరు, మానసిక వైద్యం చేసే సైకియాట్రిస్టు, వీలైతే మాటలతో చికిత్స చేసే సైకాలజిస్టు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి లాంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. పెద్ద వైద్యం అవసరమైతే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్‌హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తోచని రాత్రి 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అనొరెక్సియాను నయం చేసే మాత్ర లేదు. బులీమియాలో ఫ్లూక్సెటిన్ అనే మందు కొంతమందికి మేలు చేస్తుంది, అదీ డాక్టరు రాస్తేనే. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. కుదరదని కౌంటర్‌లో ఎవరైనా అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

దిష్టి తీయాలని, తాయెత్తు కట్టాలని ఇంట్లో పెద్దలు అంటారు. కట్టనివ్వండి, వాళ్ల ఆందోళన వాళ్లది. అయితే తాయెత్తు కట్టిన చేతికే డాక్టరు నాడి చూడాలి, అదే రోజున. గాలి సోకిందని పస్తు పెట్టడం, వేపమండలతో కొట్టడం లాంటివి మాత్రం గడప దాటి లోపలికి రానివ్వకండి.

కోపం పోవాలంటే ఇది చదవండి

నా కోపం పోగొట్టింది ఒక పాత ప్రయోగం. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు వారి అంగీకారంతోనే దాదాపు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టాడు. వాళ్లలో ఎవరికీ అంతకుముందు ఈ జబ్బు లేదు. అయినా కొద్ది వారాల్లో వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేశారు, ఉన్న కాస్త తిండినీ ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు, స్నేహితులకు దూరమయ్యారు, చిన్నదానికీ చిరాకుపడ్డారు, దిగులులో మునిగిపోయారు. తిండి పెరిగి ఒళ్లు కోలుకున్నాక మెల్లగా మామూలు మనుషులయ్యారు.

ఇది చదివాక మా అమ్మాయి వంటల వీడియోలు, తలుపు వేసుకోవడం, తమ్ముడి మీద అరవడం నాకు వేరేగా కనపడ్డాయి. అందులో చాలా భాగం ఆకలి చేస్తున్న పని. ఆకలితో ఉన్న మెదడుతో వాదించి గెలవలేం. ముందు దానికి తిండి అందాలి, తర్వాతే మాటలు ఎక్కుతాయి. "కారణం తెలిస్తే తింటుంది" అనుకుని నేను నెలల తరబడి కారణం వెతికాను. హాస్టల్లో ఎవరో వెక్కిరించారా, మార్కులా, నేనేమైనా అన్నానా అని. కొన్ని దొరికాయి. కానీ తల్లిదండ్రుల వల్లే ఈ జబ్బు వస్తుందన్న పాత నమ్మకాన్ని వైద్యులు ఎప్పుడో వదిలేశారు. జన్యువులు, స్వభావం, చుట్టుపక్కల పరిస్థితులు అన్నీ కలిసి తెచ్చే జబ్బు ఇది. మీరు చేసిన పాపం ఏదో తవ్వుకుంటూ కూర్చునే సమయంలో ఒక పూట భోజనం గడిచిపోతుంది.

భోజనం: అసలు పని ఇక్కడే

లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న ఒక చికిత్స ఉంది, దాన్ని కుటుంబ ఆధారిత చికిత్స అంటారు. ఇంటి దగ్గర ఉన్న పిల్లలకు, పద్దెనిమిది లోపువాళ్లకు, జబ్బు మొదలై ఎక్కువ కాలం కానివాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. దాని సారం మూడు మాటల్లో చెప్పవచ్చు. మొదట తిండి నిర్ణయాలన్నీ తల్లిదండ్రులే తీసుకుంటారు. ఒళ్లు కోలుకుంటున్న కొద్దీ కొంచెం కొంచెంగా బిడ్డకు అప్పగిస్తారు. చివరికి వయసుకు తగిన జీవితం మీద దృష్టి పెడతారు. మీ డాక్టరుకు ఇది తెలుసో లేదో అడగండి. తెలిస్తే ఆయన చేతి కిందనే చేయండి. పెద్దవాళ్లయిన భార్య, భర్త, అక్క విషయంలో ఇలా ఆజ్ఞ చెల్లదు, వాళ్ల ఒప్పుకోలుతోనే సాగాలి.

మేము చేసిన పద్ధతి ఇది. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో మూడు చిరుతిళ్లు, గడియారం చూసి. ఏమి తినాలో, ఎంత తినాలో డాక్టరు ఇచ్చిన పట్టీ ప్రకారం నేనే నిర్ణయించేదాన్ని. వండేటప్పుడు అమ్మాయి వంటింట్లోకి రాకూడదని నియమం. వస్తే నూనె దగ్గర, నెయ్యి దగ్గర బేరం మొదలవుతుంది. కంచంలో వడ్డించి, కంచం తెచ్చి ముందు పెట్టేదాన్ని. మన ఇళ్లలో ఉన్న తిండి ఇందుకు చక్కగా సరిపోతుంది: ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు, చేపల పులుసు, కొబ్బరి పచ్చడి, మీగడ పెరుగు, మధ్యాహ్నం చిరుతిండికి సున్నుండ. ప్రత్యేకంగా ఏదీ కొనుక్కు రానవసరం లేదు. ఎంత నెయ్యి వేశానన్నది చర్చకు పెట్టేదాన్ని కాదు, అడిగితే అబద్ధమూ చెప్పేదాన్ని కాదు. "డాక్టరు చెప్పినంత వేశాను" అనేదాన్ని. ఒక్కసారి అబద్ధం దొరికితే ప్రతి ముద్దకూ అనుమానం పుడుతుంది.

ఇక కూర్చోవడం. ఇది నేను నేర్చుకోవడానికి వారాలు పట్టింది. మనకు వడ్డిస్తూ నిలబడటం తెలుసు, పక్కన కూర్చోవడం తెలియదు. నేను కూడా నా కంచం పెట్టుకుని పక్కనే కూర్చుని అదే అన్నం తినేదాన్ని. ఎదురుగా కూర్చుని నోటి వంక చూస్తుంటే బిడ్డకు కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. అరగంట నుంచి ముప్పావు గంట సమయం. మాటలు తిండి గురించి కాదు: చేలో పనులు, పక్కింటి దూడ, తమ్ముడి క్రికెట్, ఏదైనా. తినడం ఆగిపోతే తక్కువ మాటల్లో, గొంతు పెంచకుండా, "నీకు భయంగా ఉందని తెలుసు తల్లీ. నేనిక్కడే ఉన్నాను. తర్వాతి ముద్ద తిను" అనేదాన్ని. మళ్లీ అదే మాట. మళ్లీ అదే. మొదట్లో అమ్మాయి కంచం తోసేసింది, నన్ను అనరాని మాటలు అంది, ఏడ్చింది. అప్పుడు మాట్లాడేది జబ్బు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. చెప్పుకోలేని రోజు మావారికి కుర్చీ అప్పగించి పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "నా కోసం తిను." తినలేకపోతే ప్రేమ లేదన్న నింద కూడా తోడవుతుంది. "ఎంత మంది అన్నం దొరక్క ఏడుస్తున్నారో!" సిగ్గుతో గొంతు ఇంకా మూసుకుపోతుంది. "భేష్, అంతా తినేశావే!" ఇది మంచి మాటలా ఉంటుంది కానీ, తిన్నందుకు లోపల తనను తాను తిట్టుకుంటున్న పిల్లకు అది కొరడా దెబ్బ. తిన్నాక "సరే, పద, ముగ్గు వేద్దాం" అంటే చాలు.

కొసరడం పూర్తిగా మానాలి. ఈ మాట అనడానికే నాకు బాధగా ఉంది, మా అమ్మ నాకు నేర్పిన మొదటి మర్యాద అది. కానీ కంచంలో ఉన్నది ముగిస్తే పని ముగిసినట్టని బిడ్డకు నమ్మకం కుదరాలి. ముగించాక "ఇంకొక్క గరిటె" అన్నారంటే రేపు ఆ కంచాన్ని నమ్మదు. అటు తగ్గించడమూ లేదు, ఇటు పెంచడమూ లేదు. పెంచాల్సినప్పుడు డాక్టరు చెబితే, వడ్డించేటప్పుడే పెంచాలి. ఎంత కూర్చున్నా ముగించలేని పూట ఉంటుంది. ఆ పూటకు బదులుగా డాక్టరు చెప్పిన కొలతలో పాలతో చేసిన పోషక పానీయం ఇవ్వండి. అదీ తాగకపోతే గొడవ పెట్టకుండా తర్వాతి చిరుతిండి వేళకు మళ్లీ మొదలుపెట్టండి. వరుసగా పూటలు తప్పుతుంటే డాక్టరుకు చెప్పండి, వారం చివరిదాకా దాచకండి.

తిన్నాక గంటసేపు ఒంటరిగా వదలకండి. వాంతి కోరిక బలంగా ఉండే సమయం అది. మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడేవాళ్లం, కనకాంబరాలు మాల కట్టేవాళ్లం. స్నానాల గదికి తినక ముందే వెళ్లి రావడం అలవాటు చేశాం. వాంతి జరిగిపోతే తిట్టకండి. నోరు పుక్కిలించమనండి, వెంటనే పళ్లు తోముకోవద్దనండి. కడుపులోని ఆమ్లంతో మెత్తబడ్డ పంటి పింగాణీ తోమితే అరిగిపోతుంది. పదే పదే వాంతి అయితే పొటాషియం పడిపోయి గుండె మీదకు వస్తుంది, కాబట్టి రక్త పరీక్ష తప్పదు. విరేచనాల మాత్రలు కొంటోందని తెలిస్తే మందుల షాపతనితో ఏకాంతంగా మాట్లాడండి. మా ఊరి షాపతను ఒక్క మాటలో అర్థం చేసుకున్నాడు.

బరువు చూడటం ఆసుపత్రిలోనే జరగాలి. ఇంట్లో తూకం యంత్రం ఉంటే ఇంకొకరికి ఇచ్చేయండి.

ఇంటి మనుషులు, బయటి మనుషులు

ఈ జబ్బు ఇంట్లో మెత్తని మనిషి ఎవరో కనిపెడుతుంది. మా ఇంట్లో అది వాళ్ల నాన్న. అమ్మాయి తన ముందు కన్నీళ్లు పెట్టుకుంటే, నేను పెట్టిన కంచాన్ని ఆయన సగం తగ్గించేవారు. రాత్రి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం కూర్చుని మర్నాటి కంచం గురించి ఒక మాట అనుకునేవాళ్లం. అభిప్రాయం కలవకపోతే ఆ గదిలోనే తేల్చుకునేవాళ్లం, బిడ్డ ముందు ఒకటే మాట. ఆయన పట్టు నేర్చుకున్నారు, నేను గొంతు తగ్గించడం నేర్చుకున్నాను.

వంట మీద తన పెత్తనం ఆగిపోయిందని అత్తగారు నొచ్చుకున్నారు. ఆమెకు వేరే పని ఇచ్చాం, అది నిజంగా పెద్ద పనే: భోజనం తర్వాతి గంట. గోదావరి వరదలు వచ్చినప్పుడు అటక మీద పడుకున్న రాత్రుల కథలు, పడవ మీద పెళ్లికి వెళ్లిన కథలు అమ్మాయికి ఆమె చెప్పేవారు. అన్నం తినిపించేది నేను, దాన్ని కడుపులో నిలబెట్టేది ఆమె.

రెండో పిల్లాడిని మరిచిపోకండి. మా వాడికి పదకొండేళ్లు, అక్క చచ్చిపోతుందేమోనని రాత్రుళ్లు మేలుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు. జబ్బు పేరు, వైద్యం సంగతి వాడి వయసుకు తగినట్టు చెప్పండి. అక్కను కాపలా కాసే పని మాత్రం వాడికి అప్పగించకండి.

బంధువులతో ముందే మాట్లాడాలి. చిక్కినప్పుడు "ఎంత సన్నగా ఉన్నావే, ఏమి చేస్తున్నావు?" అని మెచ్చుకున్నవాళ్లే, కోలుకుంటున్నప్పుడు "ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు" అంటారు. ఆ రెండో మాట వారం రోజుల కష్టాన్ని ఒక్క పూటలో తుడిచిపెడుతుంది. పండక్కి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ముందుగా ఫోన్ చేసి, "అమ్మాయికి వైద్యం జరుగుతోంది. తన ఒంటి గురించి, తిండి గురించి మంచిగా గానీ చెడుగా గానీ ఒక్క మాట అనకండి. చదువు గురించి, సినిమాల గురించి ఎంతైనా మాట్లాడండి" అని చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. ఇద్దరు పెద్దవాళ్లు పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అవుతుందని, బయటకు చెప్పవద్దని సలహా ఇచ్చారు. ముందు బిడ్డ ఉండాలి కదా అన్నాను.

మొదటి ఏడాది పెళ్లిళ్లకు తీసుకెళ్లలేదు. బంతిలో కూర్చోబెట్టి పూతరేకుల మీద పూతరేకులు వేసే చోట ఆ పిల్ల ఎలా నిలదొక్కుకుంటుంది? రెండో ఏడాది ఒక పెళ్లికి వెళ్లాం. ఇంటి దగ్గర తినేసి, అక్షింతలు వేసి, గంటలో తిరిగి వచ్చాం.

చదువు, నడక, సుదీర్ఘకాలం

హాస్టల్ నుంచి వెంటనే తీసుకురండి. ఒక ఏడాది చదువు పోతే పోనీయండి. మా అమ్మాయి చదివిన కాలేజీలో ఆరు నెలలుగా మెస్సులో సరిగా తినడం లేదని తోటి పిల్లలందరికీ తెలుసు, మాకు ఫోన్ చేసినవారు లేరు. వ్యాయామం, గట్టు మీద నడక డాక్టరు ఒప్పుకునేదాకా పూర్తిగా ఆపాలి. గుండె బలహీనంగా ఉన్నప్పుడు అది ప్రమాదం.

ఎంతకాలం పడుతుందని అందరూ అడుగుతారు. నెలల లెక్క కాదు, చాలామందికి ఏళ్లు పడుతుంది. ఒంటి బరువు ముందు వస్తుంది, మనసులోని భయం చాలా వెనకగా పోతుంది. బరువు వచ్చేసిందని మేము పర్యవేక్షణ ముందే ఆపేశాం. పరీక్షల నెలలో జబ్బు తిరగబడింది. ఈసారి తొమ్మిది రోజుల్లో పట్టుకున్నాం, ఎందుకంటే ఏమి చూడాలో తెలుసు.

మీ గురించి కూడా ఒక మాట. నాకు ఆ ఏడాదిలో బీపీ వచ్చింది, పాఠశాల ఉద్యోగానికి సగం జీతం సెలవు పెట్టాను. వారానికి ఒక సాయంత్రం మా చెల్లెలు వచ్చి కుర్చీలో కూర్చునేది, నేను రేవుకు వెళ్లి గోదావరిని చూస్తూ కూర్చునేదాన్ని. అలా కూర్చోవడం తప్పని అనిపించింది, చెల్లెలు తరిమి తరిమి పంపించేది. మీకూ అలా తరిమే మనిషిని ఒకరిని చూసుకోండి. 14416 కుటుంబ సభ్యుల కోసం కూడా.

ఆఖరి పని, కాస్త తేరుకున్న ఒక మంచి రోజు చూసి చేయండి. జబ్బు తిరిగి వస్తోందని చెప్పే గుర్తులు ఏమిటో బిడ్డతోనే కలిసి కూర్చుని ఒక కాగితం మీద రాయండి. మా కాగితం బీరువా తలుపు లోపల అంటించి ఉంది. పైన డాక్టరు ఫోన్ నంబరు, 108, 14416. కింద నా రాతలో నాలుగు గుర్తులు: చిరుతిండి దాటవేయడం, పొడుగు చేతుల చొక్కా, రెండోసారి నడకకు బయలుదేరడం, భోజనం వేళకు తలనొప్పి. అయిదోది మా అమ్మాయి రాసింది: "నేను సోమవారం ఉపవాసం అంటే నమ్మవద్దు."